విజ్ఞానశాస్త్రము - దైవవిశ్వాసము

విజ్ఞానశాస్త్రము పెరిగిన కొలది దైవము తరుగుననువారు కొందఱు. ఆ శాస్త్రము తుదకు వచ్చి నిలుచునది మన ఉపనిషత్తుల వాకిటనేయని తృప్తిపడువారు మఱికొందఱు. ఈ రెండు పక్షములవారును సభలలోను, పత్రికలలోను ఏటేట వాదించుకొనుచునే యున్నారు. వాదము ముగియదు. ముగియకపోవుటకు ప్రశ్న కఠినమగుట ఒక్కటే కారణము కాదు. ఏ విషయమును విచారించుటకు ఎవరికి అధికారము కలదో తేల్చుకొనకయే ఉభయపక్షములవారును వాదమునకు దిగుచున్నారు. విచారణాధికారము లేని చోట దాఖలైన దావా ఎంత న్యాయమైనదైనను నిలువదని న్యాయవాదులెల్లరు ఎఱుగుదురు. దైవమును గూర్చిన వ్యాజ్యమునకు కూడ ఈ మొదటి నియమము వర్తించునని మా యభిప్రాయము.

ఈ ప్రసంగము వచ్చినప్పుడెల్ల మనవారు గెలీలియోను, డార్వినును తలచుకొందురు. 1633లో రోమునగరపు మతాధికారులు గెలీలియోను శిక్షించిన మాట నిజమే. కాని ఆ కలహము ఒక గ్రంథమును, ఒక పీఠమును ఆశ్రయించి పుట్టినది. మన దేశమున అందఱికిని శిరోధార్యమైన ఒకే గ్రంథము లేదు, ఒకే పీఠమును లేదు. మన పంచాంగకర్త గ్రహణకాలమును ఘడియ విఘడియలతో గణించి చెప్పును. ఆ గణితమును నమ్మియే దేవాలయముల తలుపులు మూయుదురు. శ్రీకాళహస్తిలో మాత్రము మూయరు. ఇందు వైరుధ్యమున్నదని ఎవ్వరికిని నిద్రపట్టకుండుట మేమెఱుగము. కనుక అరువు తెచ్చుకొన్న కథతో మన ప్రశ్న తీఱదు. మన దాపుననే, వీథివీథిని తెలుగు వినవచ్చు కోలారు సీమలో, ఇంతకంటె పనికివచ్చు సాక్ష్యము కలదు.

కోలారు బంగారు గనులు 1880 మొదలు జాన్ టేలర్ సంస్థవారి చేతిలో పెరిగి, 1956లో మైసూరు ప్రభుత్వపు సొత్తై, 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు సీమలనుండి వచ్చిన తెలుగు, తమిళ కూలీలు ఆ వేడిలో, ఆ చీకటిలో తరతరములు పనిచేసిరి. వారిని అన్నిటికంటె భయపెట్టినది రాతి పేలుడు. ఉన్నట్టుండి గోడరాయి తుపాకిమందువలె పగిలి మీదపడును. పైనున్న ఊరిలోని ఇండ్లు భూకంపము వచ్చినట్లు కదలును. అట్టి చోటికి దిగువాడు ఇలవేల్పును తలచుకొనుట వింతయా? అయితే గనిని నడపినవారు దానిని దేవతాగ్రహమని వదలిపెట్టలేదు. 1912 నాటికే అచ్చట భూకంపలేఖిని నెలకొల్పబడినది. బంగారపు రాతిని తొలిచివేసినప్పుడు పైనున్న కొండబరువంతయు మిగిలిన రాతిపై పడి, ఆ ఒత్తిడి ఓర్వరానిదై రాయి పేలుచున్నదని గ్రహించి, తవ్విన ఖాళీలను నల్లరాతి కట్టడములతో నింపుట, తవ్వకపు వరుసను మార్చుట అభ్యసించిరి. ప్రమాదము పూర్తిగా పోలేదు, తగ్గినది. రాతి పేలుడునకు కారణము తెలిసినందువలన గనికూలి ఇంట దీపము పెట్టుట మానవలసిన అవసరము కలుగలేదు. దీపము పెట్టుచున్నాడు గనుక రాతికట్టడము వలదని అతడును అనలేదు.

ఇంతవరకు చెప్పినది ప్రాణరక్షణకై పుట్టిన విజ్ఞానము. అదే గనిలో మఱియొక విజ్ఞానము కూడ వెలసినది. దానివలన ఎవ్వరికిని ఒక కాసు లాభము లేదు.

ఆకాశమునుండి నిరంతరము మనపై కురియు విశ్వకిరణములను కొలుచుటకు కొందఱు పర్వతశిఖరములకు పోయిరి, కొందఱు బెలూనుల నెగురవేసిరి. టాటా మౌలిక పరిశోధనా సంస్థవారు, హోమీ భాభా ప్రేరణచే, కోలారు గనిలోనికి దిగిరి. 1950 దశకపు ఆరంభముననే బి. వి. శ్రీకంఠన్ అచ్చట పరిశోధన ప్రారంభించెను. లోతు పెరిగిన కొలది పైనున్న రాయి ఆ కణములను అడ్డగించును. ఎంత లోతున ఎన్ని కణములు మిగులునో లెక్కించుట పని. 1960 దశకమున మియాకే, వి. ఎస్. నరసింహం, పి. వి. రమణమూర్తి గార్లు తమ పరికరమును క్రమముగా క్రిందికి దింపుచు పోయిరి. 2,700 మీటర్లు దాటిన లోతున సుమారు రెండు నెలలు వేచియున్నను ఒక్క మ్యూయాన్ కణమైనను రాలేదు. ఏమియు కనబడలేదనుట వారికి విలువైన ఫలితమైనది. అంత నిశ్శబ్దమైన చోట ఎప్పుడైన ఒక కణము కనబడినచో, అది పైనుండి రాయి తొలుచుకొని వచ్చినది కాజాలదు. భూమినంతయు అలవోకగా దాటిపోగల న్యూట్రినో, పరికరపు చుట్టుపట్ల రాతిని తాకి పుట్టించినదే కావలెను.

ఆ తర్కమును నమ్మి, బొంబాయి, ఒసాకా, డర్హం శాస్త్రజ్ఞులు కలసి 2,300 మీటర్ల లోతున పరికరములను నిలిపిరి. 1965లో వాతావరణమున పుట్టిన న్యూట్రినోల జాడ వారికి చిక్కినది. దాదాపు అదే కాలమున దక్షిణాఫ్రికాలోని మఱియొక బంగారుగనిలో ఫ్రెడరిక్ రైన్స్ బృందమునకును చిక్కినది. మానవుని కంటికి, చేతికి, చెవికి ఏమాత్రము అందని వస్తువును ఉన్నదని లోకమెల్ల అంగీకరించుట ఇట్లు జరిగినది. ఇందుకే ఒక మాట చెప్పవలసియున్నది. కంటికి కనబడని దానిని విజ్ఞానశాస్త్రము నమ్మదని మన పురాణకాలక్షేపములలో తఱచు వినబడును. ఆ మాట నిజము కాదు. కనబడని దానిని అది నమ్మును. అయితే ఆ కనబడనిది కనబడు చోట ఏదో ఒక గుఱుతు విడువవలెననియు, ఆ గుఱుతును పరాయివాడు వేఱొక చోట మరల చూడగలుగవలెననియు షరతు పెట్టును.

ఈ షరతు తనకే వర్తించినప్పుడు శాస్త్రజ్ఞుడేమి చేయును? దానికిని కోలారే ఉదాహరణము. పదార్థమునకు మూలమైన ప్రోటాన్ శాశ్వతము కాదనియు, ఎప్పటికో ఒకప్పుడు క్షయించుననియు 1970 దశకమున కొన్ని సిద్ధాంతములు చెప్పినవి. విశ్వపు వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరములు. ప్రోటాన్ ఆయుర్దాయమో, ఒకటి ప్రక్కన ముప్పది సున్నలు వేసిన సంవత్సరముల కటు ఇటుగా నుండవచ్చునని అంచనా. అన్నియేండ్లు ఎవడు వేచియుండును? వేచియుండనక్కఱలేదు, కోటానుకోట్ల ప్రోటాన్లను ఒక్కచోట పోగుచేసి, వానిలో ఏ ఒక్కటియైన ఏడాదిలో రాలునేమో చూచిన చాలును. ఇందుకై 140 టన్నుల ఇనుముతో కూడిన పరికరమును భారతదేశపు, జపాను దేశపు శాస్త్రజ్ఞులు 1980లో కోలారు గనిలో నెలకొల్పిరి. కొలదికాలములోనే, క్షయమునకు సరిపోవు ఘటనలు కొన్ని తమకు గోచరించినవని ప్రకటించిరి. లోకమంతయు కోలారు వంక చూచినది. తరువాత అమెరికాలోని ఒహాయోలో ఉప్పుగనియందును, జపానులోని కమియోకా గనియందును వేలకొలది టన్నుల నీటితో పెద్ద పరికరములు వెలసినవి. అచ్చట ఆ క్షయము కనబడలేదు. నేడు కమియోకావారు చెప్పునది, ముఖ్యమైన ఒక మార్గమున ప్రోటాన్ క్షయించునెడల దాని ఆయుర్దాయము ఒకటి ప్రక్కన ముప్పది నాలుగు సున్నలకు మించినదియని. కోలారు ఘటనలు రుజువుగా నిలువలేదు. మన దేశాభిమానము, ఆ గనిలో సంవత్సరముల తరబడి శ్రమించిన వారి కీర్తి, ఏవియు ఆ తీర్పును ఆపజాలకపోయినవి. ఎవ్వరును ఆపుటకు యత్నింపనులేదు.

ఆ సిద్ధాంతములను కట్టినవారి సంగతి కూడ గమనింపదగియున్నది. వారిలో అబ్దుస్ సలాం ఒకడు. ఒడిసా వాడైన జోగేష్ పతితో కలసి ఈ మార్గమున తొలిగా నడచినవాడు. అతడు నమాజు తప్పని ముసల్మాను. విద్యుదయస్కాంత బలమును, పరమాణుగర్భమందలి బలహీన బలమును ఏకముచేసినందులకు 1979లో అతనితో నోబెలు బహుమానమును పంచుకొన్న స్టీవెన్ వైన్‌బర్గ్ దేవుని బొత్తిగా నమ్మనివాడు. సమీకరణము ఇద్దఱికి నొక్కటే. సలాం సమీకరణమున అల్లాయను అక్షరము లేదు. వైన్‌బర్గ్ సమీకరణమున ఆయన లేడను అక్షరమును లేదు. శ్రీకంఠన్ గారు కూడ టాటా సంస్థకు నిర్దేశకులుగా నుండి విశ్రాంతి పొందిన పిమ్మట, బెంగుళూరులో చైతన్యమనగా నేమి, విజ్ఞానశాస్త్రపు తాత్త్వికపు పునాదులేవి యను విచారణకు దిగిరి. యౌవనమున గనిలో లెక్కించిన మ్యూయాన్ల పట్టికలనుండి ఆ ప్రశ్నకు సమాధానము రాదు. అది వేఱు విచారణ, వేఱు సాధనములు కావలసినది.

ఇక రెండవ సాక్షిని పిలుతము. కోలారు జిల్లాలోని గౌరిబిదనూరు తాలూకా హోసూరున, ఒక పేదకుటుంబమున 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య గారు 1942 ఉద్యమమున చెఱసాలకు పోయి వచ్చిన గాంధేయవాది, అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రమున డాక్టరు పట్టము పొందినవారు, కళాశాల వసతిగృహపు గదిలో ఖద్దరు బట్టలతో బ్రహ్మచారిగా జీవించినవారు. (ఆ ఊరు 2007నుండి చిక్కబళ్ళాపురము జిల్లాలోనిదైనది.) బెంగుళూరు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నున్న కాలమున, 1976లో, మహిమలను, పరీక్షింపదగిన మూఢవిశ్వాసములను విచారించుటకు ఒక సమితిని నియమించిరి. సమితి పేరులోనే ‘పరీక్షింపదగిన’ యను మాట చేర్చుట మేము ప్రత్యేకముగా మెచ్చుకొనుచున్నాము. దేవుడున్నాడా లేడా యని విచారింప వారు పూనుకొనలేదు. గాలిలోనుండి విభూతి వచ్చుచున్నదనినచో, ఆ విభూతి ఎచ్చటనుండి వచ్చినదని మాత్రమే అడిగిరి. పాండవపురమునందలి ఒక బాలుని విభూతి మహిమ చేతివాటమని సమితి కనుగొన్నది. పుట్టపర్తి సత్యసాయిబాబా గారికిని జాబులు వ్రాసి, తమ సమక్షమున మహిమలను చూపవలసినదని కోరిరి. ఆ జాబులకు ప్రత్యుత్తరము రాలేదు. 1977లో సమితియు ముగిసినది.

బాబాగారు ప్రత్యుత్తరమీయకున్నను, పత్రికాముఖమున తమ కారణమును చెప్పిరి. విజ్ఞానశాస్త్రము ఇంద్రియములకు లోబడిన దానినే విచారింపదగుననియు, ఆధ్యాత్మికము ఇంద్రియముల కతీతమనియు దాని సారాంశము. ఇది విచారణాధికారమును గూర్చిన అభ్యంతరము. చులకనగా త్రోసివేయదగినది కాదు. ఇంద్రియములకు అతీతమైన దానిని విచారించు అధికారము ప్రయోగశాలకు లేదనుట సత్యము. ధ్యానమున ఒకనికి కలిగిన శాంతిని, కష్టకాలమున ఒక వితంతువునకు నామస్మరణము ఇచ్చిన ధైర్యమును నరసింహయ్యగారి సమితి కాదనజాలదు, కాదనలేదు. అయితే విభూతి ఇంద్రియములకు అతీతము కాదు. దానిని తూచవచ్చును, పొట్లము కట్టవచ్చును, నొసట పెట్టుకొనవచ్చును. ఉంగరమును కంసాలి గీటురాతిపై గీయగలడు. వస్తువును సాక్ష్యముగా తెచ్చి జనులయెదుట పెట్టినవాడు, ఆ వస్తువును గూర్చి అడ్డుప్రశ్నలు వేయరాదనుటకు వీలులేదు. సాక్షిని బోనెక్కించి ప్రధాన విచారణము కాగానే ఇంటికి పంపివేయుదుమన్న ఏ న్యాయాధిపతి ఒప్పుకొనును?

పుట్టపర్తికి న్యాయము చేయుటకై ఇంకొక మాట చెప్పవలెను. అచ్చట 1991లో వెలసిన పెద్ద ఆసుపత్రిలో బీదలకు గుండె శస్త్రచికిత్సలు ఉచితముగా జరుగుచున్నవి. కఱవుసీమయైన అనంతపురము పల్లెలకు ఆ సంస్థ త్రాగునీరు తెచ్చినది. ఇది మహత్కార్యమే. అయితే ఆ ఆసుపత్రిలో వైద్యులు రోగి రొమ్ము తెఱచునది లోకమందలి తక్కిన ఆసుపత్రులలో నేర్చిన విద్యతోనే. విశ్వాసము దాతల చేత ధనమిప్పించినది, సేవకుల చేత చాకిరి చేయించినది. గుండె కవాటమును మాత్రము శాస్త్రము కుట్టినది. ఆ సేవను నమ్ముటకు ఉంగరపు సాక్ష్యము అక్కఱలేదని మేమందుము.

హేతువాదులలో కొందఱు సైతము హద్దు మీఱుచునే యున్నారు. ఒక బాలుని చేతివాటము పట్టుబడినంతనే సృష్టికర్త లేడని తీర్పు వ్రాయుట, ఒక దొంగపత్రము దొరకినదని రిజిస్ట్రారు కచేరీయే లేదనుట వంటిది. దేవుడు లేడను నమ్మకము ఒకనికి ఉండవచ్చును. రాజ్యాంగపు 25వ అధికరణము అంతరాత్మ స్వేచ్ఛ నిచ్చినది అతనికి కూడ. ఆ నమ్మకమును ప్రయోగశాల ముద్రతో అమ్మజూచుటయే అనుచితము. వేదములలో విమానములున్నవని విజ్ఞానసభలలో ఉపన్యసించువారు చేయు పనియు ఇదియే. ఒకరు శాస్త్రపు ముద్రను దైవముపై వేయుదురు, ఒకరు దైవనిరాకరణముపై వేయుదురు.

శ్రీహరికోటనుండి రాకెట్టు ఎగురుటకు ముందు అంతరిక్ష సంస్థ పెద్దలు తిరుమలకు పోయి దాని నమూనాను స్వామి పాదములచెంత నుంచుటను గూర్చి ఏటేట చర్చ జరుగుచున్నది. ప్రజాధనముతో నడచు సంస్థ పెద్దలు పదవీహోదాలో ఒక్క మతపు ఆలయమునకు పోవుట తగునా యనునది వేఱు ప్రశ్న. అందు మాకు కొంత సంశయము కలదు. శాస్త్రమునకు ద్రోహమనుట మాత్రము మేమొప్పము. 2019 సెప్టెంబరులో చంద్రునిపై దిగబోయి విక్రం యంత్రము కూలినప్పుడు, స్వామికి ఆగ్రహము వచ్చినదని ఎవ్వరును నివేదిక వ్రాయలేదు. దిగుటలో వేగమెక్కడ తప్పినది, ఆజ్ఞావళి ఎక్కడ చాలలేదు అని వెదకి దిద్దుకొనిరి. 2023 ఆగస్టు 23న దిగిరి. తిరుమలలో మ్రొక్కినవారే ఆ నివేదికలో స్వామిని తలపెట్టలేదు. హద్దు ఎచ్చటనున్నదో వారు గ్రంథములు చదువకయే ఎఱిగియున్నారు.

ఆ హద్దు తెలియని చోట ఏమి జరుగునో కోలారు సరిహద్దునకు చేరువనున్న మదనపల్లెలో చూచితిమి. 2021 జనవరి 24న అచ్చట ఇద్దఱు యువతులు తమ ఇంటనే హతులైరి. మరల బ్రతికి వత్తురను నమ్మకముతో కన్నవారే చంపిరనునది అభియోగము. ఆ తల్లిదండ్రులు నిరక్షరాస్యులు కారు. విజ్ఞానశాస్త్రములలో ఉన్నత పట్టములు పొందినవారు. మనోవ్యాధి యెంత, విశ్వాసమెంతయని తేల్చుట వైద్యులకును న్యాయస్థానమునకును చెందిన పని. అందు మేము జోక్యము చేసికొనము. అయితే ఆ వార్త చదివి ‘చదువుకొన్నవారు కూడనా’ యని మన విద్యాధికులు ఆశ్చర్యపడిరే, ఆ ఆశ్చర్యమే మాకు ఆశ్చర్యము. మన కళాశాలలలో పరీక్షకొఱకు నేర్పు విజ్ఞానము ప్రశ్నించుట నేర్పుచున్నదని ఎవరు చెప్పిరి? సూత్రమును శ్లోకమువలె వల్లించి పట్టము పొందినవానికి, గురువు చెప్పినది కూడ సూత్రమువలెనే యుండును.

ఆ మదనపల్లె ప్రక్కనే ఆరోగ్యవరము కలదు. క్రైస్తవ మిషనరీలు కలసి 1915లో తెఱచిన క్షయరోగాశ్రమమది. 1948లో మన దేశమున బి.సి.జి. టీకా తొలిగా వేసిన చోట్లలో మదనపల్లె యొకటి. ఆ ఆశ్రమమును కట్టినవారు ప్రార్థన చేయువారే. చేసి, రోగి కఫమును సూక్ష్మదర్శిని క్రింద పెట్టిరి. విశ్వాసము విజ్ఞానమునకు శత్రువనువారు ఒకసారి అచ్చటికి పోయి రావలెను.

శాసనములకు కొఱత లేదు. విజ్ఞానదృష్టిని, ప్రశ్నించు బుద్ధిని పెంపొందించుట పౌరుని కర్తవ్యమని రాజ్యాంగమున 51-ఎ (హెచ్) చేర్చినది 1976 నాటి సవరణము. నరసింహయ్యగారి సమితి పుట్టిన యేడే అది. ప్రశ్నించినవారిని చెఱసాలలలో నుంచిన అత్యయికస్థితిలో ప్రశ్నించుటను కర్తవ్యముగా విధించిన విచిత్రము చరిత్రలో నిలిచినది. మంత్రతాయెత్తుల ప్రకటనలను నిషేధించు చట్టము 1954లోనే వచ్చినది. అది అమలగుచున్నదో లేదో తెలియవలెననిన ఏ టెలివిజనునైన ఉదయముననే పెట్టి చూచిన చాలును. మహారాష్ట్రము 2013లో, కర్ణాటకము 2017లో అమానుషాచారములను అరికట్టు శాసనములు చేసినవి. అందులకు ముందు పూనాలో నరేంద్ర దాభోల్కరు 2013లోను, ధార్వాడలో కల్బుర్గి పండితుడు 2015లోను తుపాకిగుండ్లకు బలియైరి. తెలుగు రాష్ట్రములలోను అట్టి శాసనము కావలెనను కోరిక చాలకాలముగా వినవచ్చుచున్నది. రావలసినదే. కాని శాసనము హత్య జరిగిన పిమ్మట పోలీసువానిని పంపును. హత్యకు ముందు ప్రశ్నను పంపు సాధనము వేఱొకటి కావలెను.

కనుక మేము కోరునది చిన్న పని. తెలుగు విశ్వవిద్యాలయములలో కనీసము రెండైనను 1976 నాటి వంటి సమితులను నెలకొల్పవలెను. అందు భౌతికశాస్త్రజ్ఞులు, వైద్యులు మాత్రమే చాలరు. ఇంద్రజాలికుడొకడు తప్పక యుండవలెను, ఏలయన చేతివాటము శాస్త్రజ్ఞునికంటె అతనికి బాగుగా తెలియును. దైవవిశ్వాసము కలవారు సగమైనను ఉండవలెను. నరసింహయ్యగారి సమితిని నాస్తికుల దండయాత్రయని నిందించుటకు అప్పుడు కొంత వీలు చిక్కినది. ఈసారి ఆ వీలు ఈయగూడదు. సమితి దైవమును గూర్చి ఒక్క ప్రశ్నయు వేయరాదు. తాయెత్తుతో చక్కెరవ్యాధి పోయినదనువాడు, నీటితో క్యాన్సరు మానినదనువాడు, చచ్చినవానిని లేపుదుననువాడు ఎవడైన సరే, ఏ మతమువాడైన సరే, రెండు వారముల గడువుతో పిలువవలెను. వచ్చి నిలిచినవాని ఫలితమును, పిలిచినను రానివాని పేరును ఒకే కాగితముపై అచ్చువేసి, ప్రతి కళాశాల గోడకును, ప్రతి ప్రభుత్వాసుపత్రి గుమ్మమునకును అంటింపవలెను.